వదినగారి ఓటు

1998. కోనసీమలో ఒక మండల కేంద్రం. పార్టీ మండలాధ్యక్షుడి ఎన్నిక కోసం సభ్యులంతా చేరిన కల్యాణ మండపం. పోటీలో ఇద్దరు: బంగారయ్య, సుబ్రహ్మణ్యేశ్వరరావు మేష్టారు. చివరి వరస కుర్చీల్లో చిట్టెమ్మ, ఆమె మరిది వీర్రాజు.

"నేనడిగింది అది కాదండి వదినా. ఎవరికేస్తున్నారు అనడిగేను."

"ఉప్మాలో జీడిపప్పు తగిలింది, చూసేవా వీర్రాజూ? బంగారయ్య గారి ఖర్చే అయ్యుంటుంది."

"ఆయ్, ఆయనదే. టీ మాత్రం సుబ్రహ్మణ్యేశ్వరరావు మేష్టారిది. అందుకే అలా వేణ్ణీళ్ళలా ఉంది. మాట మార్చకండి."

"మార్చలేదయ్యా, నములుతున్నాను. నోట్లో ఉప్మా పెట్టుకుని ఓటు గురించి ఎలా చెప్పేది?"

"మొన్న అన్నయ్య మస్కట్ నుంచి ఫోన్ చేసేడు కదా. ఎస్టీడీ బూతుకి మిమ్మల్ని నేనే కదా తీసుకెళ్ళేను. ఏం చెప్పేడు?"

"ఎండలు మండిపోతున్నాయంట."

"ఎండల సంగతి కాదండి. ఓటు సంగతి."

"ఏదో అన్నాడు. బం... బం... అని వినపడింది. లైను బాగోలేదు."

"బం అంటే బంగారయ్య గారే కదండీ!"

"బంధువులందర్నీ అడిగేనని చెప్పమన్నాడేమో. సగం మాట వినపడితే మిగతా సగం నేను కల్పించుకోనా?"

"వదినా! అన్నయ్య పాస్‌పోర్టు ఎంక్వైరీకి పోలీసులొచ్చినప్పుడు బంగారయ్య గారే దగ్గరుండి మాట్లాడేరండి. అది మర్చిపోకూడదు."

"మర్చిపోలేదు. మీ అన్నయ్య సెలవుకొచ్చినప్పుడు ఆయనకి సెంటు సీసా, టేప్ రికార్డరు పట్టుకెళ్ళి ఇచ్చేడు. అదీ మర్చిపోలేదు. నీ సంగతి చెప్పు ముందు. నువ్వెవరికి?"

"నాదేముంది లెండి..."

"ఏముందా? ఇద్దరికీ మాటిచ్చేవంట కదా."

"ఎవరు చెప్పేరు?"

"ఇద్దరూ చెప్పేరు. నిన్న పొద్దున్న బంగారయ్య గారు మన గుమ్మంలోకొచ్చి, 'వీర్రాజు మనవాడే చిట్టెమ్మా, నువ్వే ఆలోచించుకోవాలి' అన్నారు. సాయంత్రం మేష్టారొచ్చి, 'వీర్రాజు నా శిష్యుడమ్మా, వాడి గురించి బెంగ లేదు' అన్నారు."

"మరి మొహం మీద కాదని ఎలా చెప్తామండి? బంగారయ్య గారు భుజం మీద చెయ్యేసేరు. మేష్టారేమో నాకు ఎక్కాలు నేర్పిన మనిషి."

"వచ్చేయా?"

"కొన్ని వచ్చేయి లెండి."

"సరే, ఎవరికెయ్యాలో తెలీనప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మా అమ్మ చేపలు బేరమాడేటప్పుడు అలాగే చేసేది. ముందు మీ మేష్టారు."

"ఈ మండలంలో అంత మంచి మనిషి లేడండి."

"లేడు. మన కాలవ మీద వంతెన కోసం ఎప్పట్నుంచి అర్జీలు పెడుతున్నారు?"

"నా పెళ్ళికి ముందు నుంచీ."

"ఎమ్మార్వో గారు ఆ అర్జీ చదివి, 'ఆహా, ఎంత చక్కటి తెలుగండీ' అని ఆఫీసులో అందర్నీ పిలిచి చదివి వినిపించేరంట. మేష్టారే చెప్పుకుని మురిసిపోయేరు. వంతెన వచ్చిందా?"

"తెలుగు బాగుందన్నారు కదండీ..."

"తెలుగు మీద నడిచి అవతలికి వెళ్తావా?"

"అదైతే నిజమే లెండి. పోనీ బంగారయ్య గారిని చూడండి. పని అంటే ఆయనేనండి. ఇలా ఒక్క ఫోన్ కొడితే అలా కంకర లారీ దిగిపోద్ది."

"దిగింది. ఎక్కడ దిగింది?"

"ఆయన రైస్ మిల్లు దగ్గర."

"మిల్లు దాటి మన పేటలోకి వచ్చిందా?"

"రాలేదండి. మిల్లు దాకా వచ్చి రోడ్డు అలిసిపోయింది."

"అదీ సంగతి. ఒకాయనకి చెయ్యాలని ఉంది, చేత కాదు. ఇంకొకాయనకి చేతవును, చెయ్యాలని లేదు. రేపు అధ్యక్షుడైనోడు ఊ అంటేనే మన మండలంలో ఏ పనైనా పైకి కదిలేది. కాదంటావా?"

"కాదనను. అందుకే కదండీ ఇంత గొడవ. పోయిన వారం బంగారయ్య గారు మా బేచ్ అందర్నీ వేన్‌లో వాడపల్లి తీసుకెళ్ళి వెంకన్న బాబు దర్శనం చేయించేరు."

"దేవుడి ముందు ప్రమాణం చేయించేరా?"

"చేయించబోయేరండి. అప్పుడే ప్రసాదాలు పెడుతున్నారంటే అందరం అటు పరుగెత్తేం."

"నువ్వున్నావే..."

"మరి మేష్టారి మీటింగు చూసేరు కదా. పాఠశాల అరుగు మీద రెండు గంటలు మాట్లాడేరు. ప్రజాస్వామ్యం అంటే ఏంటో మొత్తం చెప్పేరు. చివరికి చూస్తే నేనూ, ఆయన కుర్చీలు తెచ్చిన బండివాడూ మిగిలేం."

"నువ్వెందుకు ఉన్నావు?"

"మధ్యలో లేస్తే కొడతారేమోనని ఇప్పటికీ భయమేనండి."

"నవ్వించకు, పొలమారుద్ది. నిజం చెప్పనా వీర్రాజూ, నాకు వాళ్ళిద్దరి మీదా కోపం లేదు. అదే వచ్చింది చిక్కు. ఒకరి మీద కోపం ఉంటే ఈపాటికి తేలిపోయేది. మా అమ్మాయి సత్యదుర్గ పురిటి రోజు గుర్తుందా?"

"ఎలా మర్చిపోతానండి? జోరు వాన. నొప్పులతో అల్లాడుతున్న పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి ఆ రెండు తాటి దుంగల మీద కాలవ దాటించేం. ముందు వైపు నేనే పట్టుకున్నాను. కిందకి చూస్తే నీళ్ళు ఎర్రగా సుళ్ళు తిరుగుతున్నాయి."

"నువ్వు కళ్ళు మూసుకున్నావు."

"రెప్ప వేసేనండి, అంతే."

"మధ్యలో దుంగ కదిలింది. గబుక్కున కాలవలోకి దిగి, పీకల్లోతు నీళ్ళలో దాన్ని భుజానికి ఆనించుకుని నిలబడిందెవరు?"

"మేష్టారు. కళ్ళజోడు కొట్టుకుపోయింది, పాపం."

"అవతలి ఒడ్డున జీపు స్టార్టు చేసి పెట్టుకుని, అమలాపురం ఆస్పత్రి దాకా తనే తోలిందెవరు?"

"బంగారయ్య గారు. డ్రైవర్ని కూడా పిలవలేదండి."

"పిల్లా దక్కింది, మనవడూ దక్కేడు. ఇప్పుడు వాడు చాప మీద బోర్లా పడి ఉంగా ఉంగా అంటుంటే నాకు ఇద్దరూ గుర్తొస్తారు. పార్టీవాళ్ళేమో ఒక్క ఓటే ఇచ్చేరు. ఏంటి, కళ్ళు తుడుచుకుంటున్నావు?"

"కంట్లో ఏదో పడిందండి."

"పడుద్ది, పడుద్ది. ఫ్యాను కింద కూర్చున్నావు కదా."

"ఇంతకీ ఏం తేల్చుకున్నారు వదినా? నాకొక్కడికే చెప్పండి. మీరెటు వేస్తే నేనూ అటే."

"అదేంటి, నీ ఓటు నీది కాదూ?"

"నాది రెండు చోట్లా ఇచ్చేసేను కదండీ. నాకిక మిగల్లేదు. మీరే దారి చూపించాలి."

"తేల్చుకున్నాను. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నాను. కానీ చెప్పను."

"నాకు కూడానా?"

"నీక్కూడానే. మీ అన్నయ్య ఒకటి చెప్తాడు, గుమ్మంలోకొచ్చినోళ్ళు ఒకటి చెప్తారు, నువ్వు చెవిలో జోరీగలా రొద పెడతావు. ఆ మూల తెర కట్టేరు చూసేవా? దాని వెనకాల ఎవరూ ఉండరు. నేనూ, నా చేతిలో ముద్రా. అంతే. ఆ ఒక్క నిమిషం కోసమే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేను."

"హలో... హలో... సభ్యులందరికీ నమస్కారం. నా పేరు కేశవరావు. ఈ ఎన్నిక జరిపించడానికి పార్టీ నన్ను కాకినాడ నుంచి పంపించింది. మీ అందరికీ ఒక శుభవార్త..."

"వంతెనేమో వీర్రాజూ!"

"ఉష్, విననివ్వండి వదినా."

"...పార్టీ ఐక్యత కోసం ఇద్దరు అభ్యర్థులూ ఇప్పుడే లోపలి గదిలో కూర్చుని ఒక మాట మీదకి వచ్చారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు మేష్టారు పోటీ నుంచి తప్పుకున్నారు. వారిని గౌరవ సలహాదారుగా నియమిస్తున్నాం. బంగారయ్య గారు ఏకగ్రీవం! ఇక ఓటింగు అవసరం లేదు. బాబూ, బంగారయ్య గారికి దండ వెయ్యండి. అందరూ చప్పట్లు కొట్టి, భోజనాలకి లేవచ్చు."

"హమ్మయ్య! నా తలనొప్పి తీరిపోయింది వదినా. ఎవరికీ మాట తప్పినట్టు కాదు. పదండి, పనసపొట్టు కూర చేయించేరంట, ఆలస్యమైతే అయిపోద్ది. వదినా? భోజనాలు అటండి. అటెక్కడికి వెళ్తున్నారు? వదినా, కూర్చోండి, అందరూ చూస్తున్నారు..."

"అయ్యా, కేశవరావు గారండీ!"

"ఎవరమ్మా? చెప్పండి."

"ఏకగ్రీవం అంటే ఏంటండి?"

"అందరూ ఒప్పుకున్నారని అర్థమమ్మా."

"నన్నెవరూ అడగలేదండి."

"అంటే... అందరి తరఫునా పెద్దలు మాట్లాడుకున్నారు కదమ్మా."

"మా ఆయన చెప్పినా నా ఓటు గురించి నేనే ఆలోచించుకున్నానండి. ఇంకొకళ్ళు నా తరఫున ఒప్పుకోవడమేంటండి?"

"వదినా, చాల్లెండి, వచ్చెయ్యండి..."

"నువ్వుండు వీర్రాజూ."

"చూడమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ పోటీలో ఒక్కరే మిగిలారు. ఒక్కరుంటే ఓటింగు ఎలా పెడతాం? ఇంకొకరు ఉండాలి."

"ఉంటే పెడతారా?"

"పెట్టక తప్పదు. నామినేషన్లకి పన్నెండింటి దాకా గడువుంది. కానీ ఇప్పటికిప్పుడు ఎవరుంటారమ్మా?"

"టైమెంతయింది వీర్రాజూ?"

"ఇంకా పన్నెండు కాలేదండి. ఎందుకు? వదినా, ఎందుకడుగుతున్నారు?"

"అయితే నా పేరు రాసుకోండయ్యా. చిట్టెమ్మ."

"వదినా!"

"అమ్మా, ఆవేశపడకండి. ఓడిపోతారు. నలుగురిలో చిన్నతనం అవుతుంది."

"ఓడిపోతే పోతానండి. ఇంతమందిమి పనులు మానుకుని వచ్చేం. ఎవరి మనసులో ఏముందో లెక్కపెట్టి మరీ ఓడించండి. చప్పట్లతో ఓడించకండి."

"మీరు గెలిస్తే ఏం చేస్తారో అదైనా చెప్పగలరా?"

"మేష్టారి చేత అర్జీ రాయిస్తాను, బంగారయ్య గారి జీపులో కలెక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్తాను. ఇద్దర్నీ కూడా తీసుకెళ్తాను. వంతెన గురించి ఆయన ఏదో ఒకటి చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను. ఇంతకంటే నాకేం తెలీదండి."

"ఎవరో ఈలేశారు, ఎవరది? నిశ్శబ్దంగా ఉండండి! సరే అమ్మా. ప్రతిపాదించడానికి ఒక సభ్యుడు కావాలి."

"వీర్రాజూ, లే."

"నేనా?"

"నువ్వే."

"బంగారయ్య గారు ఇటే చూస్తున్నారండి."

"చూడనీ."

"మేష్టారు కూడా చూస్తున్నారండి."

"ఇద్దరికీ అడగ్గానే మాటిచ్చేవు. నేను నిన్ను ఇప్పటిదాకా ఏదైనా అడిగేనా?"

"లేదండి."

"ఇప్పుడడుగుతున్నాను."

"అయ్యా... రాసుకోండి. వీర్రాజు. మా వదినగారి పేరు నేను ప్రతిపాదిస్తున్నానండి. ఈ ఎన్నికలో నేను నిజంగా ఒప్పుకుని చేస్తున్న పని ఇదొక్కటేనండి."

"బలపరచడానికి ఇంకొకరు? ఎవరైనా ఉన్నారా? ఎవరూ లేరా? అయితే అమ్మా, నియమం ప్రకారం ఈ నామినేషన్..."

"ఆగండి. నేను బలపరుస్తానండి."

"ముందు వరసలో చెయ్యెత్తిందెవరు? మీరేనా అమ్మా?"

"ఆయ్, నేనేనండి."

"వదినా, ఆవిణ్ణి చూసేరా? ఆవిడ..."

"చూసేను. నువ్వు గట్టిగా అనకు."

"ఆలోచించుకునే అంటున్నారామ్మా?"

"ఆలోచించుకునేనండి. సభ్యత్వం కట్టించినప్పుడు ఓటుంటుందన్నారు. ఈ కుర్చీలో కూర్చుని ఎవరికెయ్యాలా అని పొద్దుట్నుంచీ నేనూ మథనపడుతున్నాను. తీరా వచ్చేక లేదంటే ఎలాగండి?"

"సరే, రాసుకుంటాను. పేరు?"

"లోవమ్మ."

"భర్త పేరు?"

"పేరు నేను పలక్కూడదండి. మీ పక్కనే దండేసుకుని నిలబడ్డారే, ఆయనేనండి."