మా పెదనాన్న దవడ

ఏమిటీ, నమిలితే చెవి పక్కన టక్కుమంటోందా? అయితే చెవిలో చుక్కలు వేసుకోకు అమ్మడూ, అది చెవి కాదు, దవడ కీలు. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి నోరు తెరువు. కదుల్తోందా? అదే! పోయి ఎన్నేళ్ళయిందో గానీ, మా పెదనాన్నకీ అచ్చం ఇంతే. తూనికల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఆయన. నిద్దట్లో పళ్ళు పటపటా కొరికేవాడు, లేచి చెవిపోటు అనేవాడు. పెద్దమ్మ చుక్కలు వేసేది. వేసీ వేసీ సీసాలు ఖాళీ అయ్యాయి గానీ, టక్కు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సరే, ఆయనకి ఉపన్యాసాల పిచ్చి. రిటైరయ్యాక ప్రతి ఆదివారం లైబ్రరీ హాల్లో త్రాసు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. త్రాసు గురించి ఎంతసేపు చెప్తారే ఎవరైనా? ఆయన చెప్పేవాడు! ఎడమ పళ్ళెం అయ్యేసరికే సగం హాలు ఆవలించేది. ఆవలింత అంటుకునే జబ్బు కదా, ఓ ఆదివారం ముందు వరసలో సైకిల్ షాపాయన ఇంత నోరు తెరిచాడు. అది చూసి పెదనాన్నకీ వచ్చేసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది! "ఆఁ... ఆఁ..." అంటాడు, చేతులూపుతాడు. జనం ఏమనుకున్నారు? ఇన్నాళ్ళకి ఉపన్యాసం రసపట్టులో పడిందనుకుని చప్పట్లు! పెద్దమ్మ లేచి, "ఆపండయ్యా, ఆయన నోరు మూతపడట్లేదు!" అని అరిచింది. వెనకనుంచెవడో, "ఆ సంగతి మాకెప్పుడో తెలుసండీ" అన్నాడు.

డాక్టరు బొటనవేళ్ళకి గుడ్డ చుట్టుకుని, కింది దంతాల మీద పెట్టి, కిందికి నొక్కి వెనక్కి తోశాడు. కటుక్కు! కూర్చుంది. "మెత్తటి తిండి తినండి, వేడి కాపడం పెట్టండి, పళ్ళు బిగించకండి. ఆవలింతొస్తే గడ్డం కింద గుప్పిట పెట్టి ఆపండి. పెద్దగా తెరిచారో, మళ్ళీ జారుతుంది" అన్నాడు. "మరి ఉపన్యాసం?" అన్నాడు పెదనాన్న. "మాట్లాడొచ్చు. ఆవలించకూడదంతే." "అదేనండీ చిక్కు! మావాళ్ళు పాపం పనులు చేసి అలిసిపోయి వస్తారు, ఆవలిస్తారు!"

దాంతో ఉపన్యాసం బంద్. వీధిలో ఎవరైనా ఆవలిస్తే కిటికీ మూసేసేవాడు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది. పెద్దమ్మకే మనసొప్పలేదు. "ఇలాగే ఉంటే దవడ మిగుల్తుందిరా, మనిషి మిగలడు" అని నాతో అని, ఇల్లిల్లూ తిరిగింది. "ఒక్కసారి రండి బాబూ. ఆవలింతొస్తే మీరే గడ్డం కింద గుప్పిట పెట్టి నొక్కుకోండి. ఆయన కంట పడనివ్వకండి."

వచ్చారే! హాలు నిండింది. పెదనాన్న దవడ పట్టుకుని ఎడమ పళ్ళెం ఎత్తుకున్నాడు. కాసేపటికి తలెత్తి చూస్తే ఏముంది? హాలంతా గడ్డం కింద గుప్పిళ్ళు, బిగబట్టిన పెదాలు, కళ్ళ నిండా నీళ్ళు! ఆయన దవడ మీది చెయ్యి తీసేశాడు. "ఇంత శ్రద్ధగా వింటున్నారా! ముందే తెలిస్తే తూకపురాళ్ళ సంగతి కూడా రాసుకొచ్చేవాణ్ణే! పర్లేదు, నోటికొచ్చు!" అని అందుకున్నాడు చూడూ... దీపాలు పెట్టేదాకా ఆగలేదు. దవడ ఒక్క పిసరు జారితే ఒట్టు!

నా పక్కన పెద్దమ్మ గుప్పిట తీసి కళ్ళు తుడుచుకుంది. ఆవలింత ఆపుకున్న నీళ్ళో, ఇంకోటో, నేనడగలేదు. ... ఊఁ. ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా, కళ్ళల్లో గాలి కొడుతోంది.