రాణి ఏడ్పుపాట ఎవలు పాడిన్రు

"అవ్వా, మాణిక్యవతి ఆట ఎన్నిమాట్ల జూశినవే నువ్వు?"

ఎన్నిమాట్లనా? తెలంగాణ రాకముందుది ఇడ్శిపెట్టు బిడ్డా, లెక్కవెట్టనీకె నా వేళ్లు సాలయి. తెలంగాణ వచ్చినంకనే మనూర్ల రెండు... కాదు కాదు, మూడుమాట్ల ఆడిన్రు. కత గదే. రాజు రెండో పెండ్లాం మాటిని మాణిక్యవతిని అడివికి ఎల్లగొడ్తడు. ఆమె సంటిపిలగాన్ని మోదుగుచెట్టు కింద పండవెట్టుకొని ఏడ్సుకుంట పాడుతది. కత మారదు, వేషగాళ్లే మారుతరు. నేనైతె ప్రతిసారి పోవుడే. రాణివేషం గూడ మొగోళ్లే ఏస్తుండిరి గద, వాళ్లకు చీర గట్టరాదు. గందుకు నేను గావాలె.

నడిమిట్ల షాద్‌నగర్ కంపెనీల పనిజేశే పోరగాండ్లు ఏశిన్రు. ఐతారం ఐతారమే నేర్సుకున్నరు. రాజువేషం ఏశినోడు డూటి దిగి సీద స్టేజి మీదికే వచ్చిండు. రాణి కాళ్లమీద వడి ఏడుస్తాంది, వీడు సింహాసనం మీద గురక. ఆఖరికి రాణే గిల్లి లేపింది. కరోనా వోయినంక ఆడినోళ్ల సంగతి ఇంక అడగకు. పాటలు నోటికి రావు, సెల్లుఫోన్ల రాసుకొని డాలు ఎనుక వెట్టుకున్నరు. యుద్దం నడుస్తుంటె ఫోనొచ్చింది. రాజు కత్తి సంకల వెట్టుకొని, "ఆఁ, ఆటల ఉన్న, మల్ల జేస్త" అన్నడు.

అగో, మొదటిది జెప్పనే లేదు గద. తెలంగాణ వచ్చిన యేడు మీ తాతనే రాణి. అరువై దాటినయి, ముందట పండ్లు రెండు లేవు. రాజు ఇరువయేండ్లు చిన్నోడు. పెండ్లాం లెక్క యాడుంటది, పిల్లనిచ్చిన అత్త లెక్కుండె. మూణ్నెల్లు నా చీర గట్టుకొని ఇంట్ల నేర్సుకుండు. ఆయన మర్శినకాడల్ల నేను పొయ్యికాడికెంచి అందిస్తుంటి. గట్ల నాకే అంత నోటికొచ్చింది.

ఆటనాడు ఏడ్పుపాట రెండో చరణం మర్శిపోయిండు. కొంగు మొకంమీద గప్పుకొని బుజాలు కదిలిస్తుండు గని మాట రాదు. హార్మోనియమాయన వాయించిందే వాయిస్తుండు. నేను పర్ద ఎనుక పిన్నీసుల డబ్బ వట్టుకొని కూసున్న, గప్పుడు డబ్బ పది రూపాలే. పక్కకే మైకుంది. ఏమైందో ఏమో, నోరు దెరిశి పాడిన. ఆఖరిదాంక పాడిన. జనంల ఆడోళ్లు కండ్లు దుడుసుకున్నరు.

అయినంక పెద్దమనుషులు మీ తాతకు శాలువ గప్పిన్రు. "ఈ వయసుల ఏం గొంతు, అచ్చం ఆడిపిల్ల తీర్గ" అన్నరు. చెవులైతె ఉన్నయి వాళ్లకు. మీ తాత తలకాయ దించుకొని కప్పిచ్చుకుండు. ఇంటికొచ్చినంక అడిగిన. "నలుగుట్ల ఎట్ల జెప్పాలెనే" అన్నడు. మస్తు బాధైంది బిడ్డా, అబద్దమెందుకు. శాలువ వోతె వోయింది, గా మాటకు బాధైంది. గా శాలువ ఇంక సందుగల్నే ఉన్నది, నేను ముట్ట.

ఇప్పుడు మొగోళ్లకు తీరుతలేదని పొదుపు సంఘం ఆడోళ్లు ఎత్తుకున్నరట ఆట. నా మనుమరాలివి, నువ్వే రాణివట, మంచిదే. నేర్పే గురువెవలంటె మీ తాతనట. ఏరి ఏరి దొరకవట్టిన్రు. పో, నేర్సుకో. నడుంమీద చెయ్యి ఎట్ల వెట్టాల్నో బాగనే చెప్తడు. రెండో చరణం అడుగు, దగ్గుతడు, నీళ్లు దెమ్మంటడు. గప్పుడు నాకాడికి రా.

సల్లగుండు బిడ్డా, నీ గొంతు సల్లగుండ. ఆటైనంక ఎవలన్న మెచ్చుకుంటె, మా అవ్వ నేర్పిందని మైకుల జెప్పు. మీ తాతను ముందట కూసోవెట్టి జెప్పు. ఆయనకు జర చెవులు తక్కువైనయి, గట్టిగ జెప్పు.