మిత్రదేశమా, శత్రుదేశమా

హలో… ఆ, ఈ ఇంటిదాన్నే. వెర్నా రుస్తమీ… ప్రజాభిప్రాయ సర్వేనా?

ఇంట్లో అందరికంటే ఈమధ్య పుట్టినరోజు ఎవరికి వచ్చిందో వాళ్ళే మాట్లాడాలా?… అయితే మా ఆయన, బెహ్రూజ్… పిలవలేను. చంపేశారు… పరవాలేదు. ఇప్పుడు నేనొక్కదాన్నే. అడుగు తల్లీ. గొంతు వింటే నా తరగతి పిల్లలా ఉన్నావు.

నువ్వు దేశం పేరు చెప్తే అది మన అమెరికాకి మిత్రదేశమో శత్రుదేశమో నేను చెప్పాలి… సరే.

బ్రిటన్— మిత్రదేశం… ఇరాన్…

…ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

ఇరాన్ అంటే అక్కడి జనమా, ప్రభుత్వమా?… ప్రశ్న మళ్ళీ చదవడమే గాని విడమర్చి చెప్పకూడదా? బడిలో నేనిలా అడిగితే పిల్లలు నన్ను బతకనివ్వరు.

ఎందుకడిగానంటే— అక్కడి ప్రభుత్వం ఆయన వేళ్ళు విరిచింది. జైల్లో, ఒక్కొక్కటే. పారిపోయి ఇక్కడికొచ్చాడు… మీదే దేశమని ఎవరడిగినా "మాది క్లీవ్‌లాండ్" అని ఈ ఊరి పేరే చెప్పి నవ్వేవాడు. మొన్న చలికాలం పెట్రోల్ బంకులో ఇద్దరు అడిగారు. ఆ రోజెందుకో నిజం చెప్పాడు.

టైర్లు విప్పే పానాతో కొట్టారు. ముందు మోకాళ్ళ మీద. పడ్డాక మొహం మీద… పళ్ళు మంచులో దొరికాయి. ఆ వంకర వేళ్ళని బట్టే నేను గుర్తుపట్టాను.

…ఏడవకు. మీ పైవాళ్ళు వింటుంటారేమో.

కోర్టులో వాళ్ళ లాయరు ఏం చదివాడో తెలుసా? ఇలాంటి సర్వేనే. నూటికి ఎనభై మంది శత్రుదేశమన్నారట. "దేశమంతా అనుకున్నదే వీళ్ళూ అనుకున్నారు" అన్నాడు… ఆఁ, శిక్ష తగ్గించారు.

ఆ ఎనభైలో నేను చేరను.

…'తెలియదు' అని రాస్తావా? వద్దు. నాకు బాగా తెలుసు. మిత్రదేశమని రాయి… నమ్ముతున్నానా? లేదు. చలికి పట్టేసిన ఆ వేళ్ళకి రోజూ కాపడం పెట్టినదాన్ని, ఎలా నమ్ముతాను? ఆయనే వింటే ఈ ఫోను లాక్కుని గోడకేసి కొట్టేవాడు. అయినా రాయి.

రాశావా? పైకి చదువు… ఊఁ.

ఇంకా చాలా ఉన్నాయా?… మధ్యలో పెట్టేస్తే చెప్పినవి కూడా లెక్కలోకి రావా?… అయితే అడుగు. కుర్చీ లాక్కుంటాను.

చైనా— మిత్రదేశం… రష్యా— అదీ మిత్రదేశమే… వేళాకోళం కాదమ్మా. ఏ కోర్టులోనూ ఇంకెవరి మొగుడికీ వ్యతిరేకంగా నా మాట చదవకూడదు… చదువు… మిత్రదేశం… మిత్రదేశం…

అయిపోయాయా? మంచిది. మొహం కడుక్కో తల్లీ, నీళ్ళు తాగి మరో ఇంటికి చెయ్యి. పెట్టేస్తున్నాను.