అత్త నడక

టీవీలో కామెడీ షో వస్తోంది. గురమ్మ చేపలు కోస్తూ చూస్తోంది. పక్కనే కొత్త కోడలు దుర్గ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఒసే దుర్గా, ఆడింకా నోరిప్పనేదు. కుర్సీల్లో కూకున్నోల్లు అప్పుడే నవ్వేత్తన్నారేటే?"

"నవ్వడమే ఆల పని అత్తా."

"మొగోడికి సీర కట్టేసి అత్తంటే నాకు నవ్వు రాదు. నువ్వు నాలాగ సేస్తే మాత్రం నిన్న ఒడ్డుకాడ ఆడోల్లందరూ పడిపడి నవ్వేరంట గదా!"

దుర్గ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఎవులు సెప్పేరత్తా?"

"ఎవులైతే ఏటి? లెగు. నా ముందర సెయ్యి."

"వద్దత్తా, తప్పయిపోనాది."

"సెయ్యమంటన్నానా?"

దుర్గ బిక్కుబిక్కుమంటూ లేచింది. నెత్తిన గంప ఉన్నట్టు మెడ నిలబెట్టి, నడుం మీద చెయ్యేసుకుంది. "రొయ్యలా అయి? ఈగ కూడా వాలదు!" అని అత్త గొంతుతో బేరమాడుతూ గుమ్మందాకా నడిచి, వెనక్కి తిరగడానికి భయపడి అక్కడే నిలబడిపోయింది.

గురమ్మ నవ్వలేదు.

"ఎడంకాలు ఈడ్సడం మర్సిపోనావే," అంది. "ఆ టీవీ ఆపీసి, మల్లీ నడు."