వాగులో ఆకుపచ్చ నీళ్లు

భర్త ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆమె సోఫాలో కదలకుండా కూర్చుని ఉంది.

“మురుగు ఎక్కడికి పోతుందో చూడ్డానికి సిటీ వాళ్లు వచ్చారు. గరాజ్ పక్క బాత్రూమ్‌లో ఆకుపచ్చ రంగు పోసి ఫ్లష్ చేశారు. పది నిమిషాల్లో ఆ రంగు మన వెనకున్న వాగులో తేలింది.”

అతను షూస్ విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

“నీకు ముందే తెలుసా?” అంది ఆమె.

“ఆ బాత్రూమ్ కట్టించేటప్పుడు, దాని పైప్‌ని సీవర్‌కి, అదే సిటీ మురుగు లైన్‌కి, కలపాలంటే పర్మిట్‌కే మూణ్ణెల్లు పడుతుందన్నాడు ప్లంబర్. వాగులోకి పోయే వాన నీళ్ల పైప్ పక్కనే ఉంది, దానికి కలిపేస్తానంటే సరే అన్నాను.”

“సమ్మర్ అంతా పాప ఆ వాగులోనే ఆడింది.”

“తెలుసు.”

“విరేచనాలతో దాన్ని హాస్పిటల్‌లో చేర్చినప్పుడు, మురికి నీళ్లలో ఏమైనా ఆడిందా అని డాక్టర్ అడిగితే, వాగు శుభ్రంగానే ఉంటుందనుకుని లేదన్నాను. నువ్వు నా పక్కనే కూర్చుని ఉన్నావు.”

“ఇప్పుడు పాప బాగానే ఉంది కదా. రేపే పైప్ మార్పిస్తాను. ఎవరికీ చెప్పకు.”

తనకి కోపం వస్తుందేమోనని ఆమె చూసుకుంది. రాలేదు. ఏడుపూ రాలేదు. ఫోన్ తీసింది.

“ఎవరికి?”

“పక్కింటి నమ్రతకి. మన పాపతో పాటు వాగులో ఆడే వాళ్ల పాపకి నిన్నటి నుంచి జ్వరం, విరేచనాలట.”

అతను ఫోన్ కోసం చెయ్యి చాచాడు. అప్పటికే అవతల నమ్రత “చెప్పండి అక్కా” అంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.