లస్మయ్య బల్ల గుద్దిన సభ

దేశమంతా పరదేశీ కంపెనీలకు తలుపులు తెరిచిన రోజులవి. మరాఠీ నేల మీది తుకుంలో, తెలుగు కూలీల వాడలో మాత్రం బడి తలుపు నాలుగో తరగతి దగ్గరే మూసుకునేది. అయిదు చదవాలంటే రైలుపట్టాలు దాటి రెండు మైళ్లు పోవాలి. ఆడపిల్లను అంతదూరం పంపేదెవరు? గంగవ్వ కొడుకైతే తన కూతురు విద్య సంగతి తేల్చి చెప్పేశాడు: ఇక్కడ అయిదు రాకుంటే పిల్ల బడి బంద్, తల్లితోపాటు కూలికే.

పట్నం పెద్దలూ బడుల సాహెబ్‌లూ కూర్చొని, బడులకు ముందు ఏం కావాలో తేల్చే సభ ఆ పొద్దే జరిగింది. వాడ తరఫున లస్మయ్య పోయాడు. సాయంత్రం భూమన్న చాయ్ బండి దగ్గర అందరూ అతని కోసమే చేరారు. గంగవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకొని, మనసులో మహంకాళి తల్లికి మొక్కుతూ బల్ల చివరన కూర్చుంది.

"లస్మన్నా, అయిదో తరగతి ఏమైంది?"

"ఆగు గంగవ్వా, వరుసకు చెప్త." లస్మయ్య చాయ్ సాసర్లో పోసుకొని ఊదాడు. "నేను గొప్పలు చెప్పుకునెటోన్ని కాదు. దండం పెట్టి ఎనక కుర్చీల కూసున్న, గంతే. అధ్యక్షుడు సాహెబ్ చూసి, 'నువ్వు ఎనక కూసుంటే మాకు పాపం తగుల్తది లస్మయ్యా, ముంగటికి రా' అన్నడు. పోయిన. ఆళ్లేమో బడికి కంప్యూటర్ కొందామని గంట సేపు మాట్లాడవట్టిరి."

"కరెంటు లేని బడికి కంప్యూటరా?" అన్నాడు భూమన్న.

"నేనూ గదే అడిగిన! అడిగితే పెద్ద సాహెబ్ తెరిచిన నోరు మూయలే, సభ అయ్యేదాక ఈగలు లోపలికి పోవుడు, బయటికి వచ్చుడు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? నాకు కోపమొచ్చి బల్ల మీద ఒక్కటి గుద్దిన. కప్పులన్ని లేచి మల్ల ఎవల కప్పు ఆళ్ల చేతులనే వడ్డయి, చుక్క ఒలికితే ఒట్టు, పైన ఫంకా అటు తిరిగేది ఇటు తిరగవట్టింది..."

"బల్ల ఉందా, పోయిందా?" కాగితం మిల్లులో పనిచేసే అప్పలనర్సయ్య అడిగాడు.

"బల్లకేంది, బల్ల కిందున్న భూమే జానెడు దిగింది! ఆ అదురుకు బామ్ని ఊర్ల బర్రెలు పాలు ఎగచేపినయి, కోఠారి ఊర్ల కోళ్లు మూడు దినాల గుడ్లు ఒక్కపారే పెట్టినయి, ముంబయిల మంత్రి కుర్చీ ఊగి ఆయన ఫోన్ చేసిండు. అధ్యక్షుడు వణుక్కుంట ఫోన్ నా చేతిల పెట్టిండు. నేను మరాఠీల దంచుతుంటే నా మాట ఢిల్లీ దాటి పరదేశం దాక పోయింది. అక్కడి దొరలు గాలిమోటర్ల ఇప్పుడే వస్తమన్నరు. తుకుంల దిగుతే మా భూమన్న చాయ్ బండి ఎగిరిపోతదని నేనే వద్దన్న."

"బతికించినవ్ అన్నా," అన్నాడు భూమన్న దండం పెట్టి.

అందరూ నవ్వారు. గంగవ్వకు నవ్వు రాలేదు. "గాలిమోటరు సంగతి సరే. అయిదో తరగతి?"

"అడగాల్నా!" లస్మయ్య జేబులోంచి మడత కాగితం తీసి ఆడించాడు. "నేను చెప్పుడు, సాహెబ్ చెమట తుడుచుకుంట రాసుడు. నా సంతకం లేకుంటే ఈ కాగితమే చెల్లదన్నరు."

వాడలో పెద్దలకు మరాఠీ మాట వచ్చు, అక్షరం రాదు. లస్మయ్యకైతే తన పేరు గీయడం ఒక్కటే వచ్చు. గంగవ్వ ఆ కాగితం మెల్లగా అందుకొని మనుమరాలి ఒళ్లో పెట్టింది. "చదువు బిడ్డా. తాత ఏమేం దంచిండో విందాం."

విద్య మరాఠీలో చదువుకుంటూ తెలుగులో చెప్పింది. "మొదటిది, బడి ముంగట పెద్ద కమాను, దాని మీద పెద్దోళ్ల పేర్లు. రెండోది, కంప్యూటర్. మూడోది, కంప్యూటర్‌కు కరెంటు, వచ్చే ఏడు. నాలుగోది..." ఆ పిల్ల గొంతు తగ్గింది. "అయిదో తరగతి. కావాల్నా అని వాడ మనిషిని మూడుసార్లు అడిగినం, ఏం మాట్లాడలే. కాబట్టి అక్కర లేదు. అందరు ఒప్పుకున్నరు. కింద తాత సంతకం ఉంది."

పాలు పొంగిపోతున్నా భూమన్న చూసుకోలేదు.

"అది... అటుకుల పోహా పంచేముందు చేపించుకున్నరు," అని గొణిగాడు లస్మయ్య. "పోహా కోసమేమో అనుకున్న."

"పోహా మంచిగుండెనా?" అన్నాడు అప్పలనర్సయ్య.

గంగవ్వ లేచింది. గొంతు పెంచలేదు, ఆమెకు ఆ అలవాటు లేదు. "రేపు పదింటికి ఆఫీసు తెరుస్తరు. నేను, కోడలు కోమల, వాడల ఆడోళ్లమంత నీ ఎంబడి వస్తం. మా ముంగట ఇంకొక్కపారి గుద్దు అన్నా."

లస్మయ్య కుడిచెయ్యి కండువాలోకి దాచుకున్నాడు. "చెయ్యి వాసింది గంగవ్వా. డాక్టర్ కదిలియ్యద్దన్నడు."

"చెయ్యి ఇంట్లనే పెట్టు. నోరు తీస్కరా. ఇయ్యాల దాన్ని ఇంట్ల మర్సి పోయినట్టున్నవు."