ఏ అవయవం నుంచీ పుట్టనివాళ్ళం

హలో… ఆ, నేనే. బూట్ల కార్ఖానా మేస్త్రీ జీవరాజును. … ఎవరూ? … మా ఊరి పట్వారీ పంతులా! దండాలయ్యా. … 'నీ బాంచన్' అనలేదా? పోలీస్ యాక్షన్‌ల రజాకార్లతోని ఆ మాట సుత పారిపోయినట్టుంది.

మారేడ్‌పల్లి నుంచా? గింత దగ్గరకొచ్చి ఫోనెందుకు, ఈడికే రావొచ్చు గద… ఆ, ఆ. తోళ్ళు. మైల. తీగె మీంచి మైల రాదంటరా? … సరే తియ్యుండ్రి.

చెప్పుండ్రి. … ఎద్దు సచ్చిందా! ఎన్నొద్దులైంది? … రెండొద్దులు దొడ్లెనే ఉందా? … మా తమ్ముడా? ఉన్నడు, నా పక్కకే ఉన్నడు తుకారాం. … లేదయ్యా, ఎద్దు మొయ్యనీకి పంపను. నిన్ననే ఈడ పనిల చేరిండు.

… ఎవని పని వానికి దేవుడే పెట్టిండా? ఎట్ల పెట్టిండో చెప్పుండ్రి, వింట. … ముఖంల నుంచి మీరు. … చేతులల్ల నుంచి రాజులు. … తొడలల్ల నుంచి కోమట్లు. … పాదాలల్ల నుంచి కాపులు, గొల్లలు. … ఊఁ. తర్వాత?

… అయిపోయిందా? మరి మేం మాదిగోళ్ళం?

… దేవులాడుండ్రి, తొందరేం లేదు. చంకల చూసిండ్రా? … నవ్వుతలేనయ్యా. ఏ అవయవంల మేం లేకపోతిమి. అంటే మీ దేవుడు మమ్ముల పుట్టియ్యనే లేదు. పుట్టియ్యనోళ్ళకు ఎద్దు మొయ్యమని ఎప్పుడు చెప్పిండు?

… ఓ, పోయిన జన్మల పాపమా! ఏం పాపం? … తెల్వదా? నాకు తెలుసు. పోయిన జన్మల నేను పట్వారీనై ఉంట. … గుస్సా ఎందుకు? మీరు ఇప్పట్నుంచే తోలు కోసుడు నేర్సుకుంటే వచ్చే జన్మల తక్లీఫ్ ఉండదంటున్న.

… ఇదంత మా చర్చి పాదిరి నేర్పిండా? ఆయన సుత తక్కువోడు గాదు. నోవహు శాపమని ఒకటి చెప్తడు, బైబిల్ల నోవహు తన మనుమన్ని దాసునివి కమ్మని శపించిండట, ఆ వంశం మేమేనట. నేరేడ్‌మెట్ చర్చిల మాకు వెనక బల్లనే. ఎందుకయ్యా అని అడిగితే ఆయనకు దగ్గొచ్చింది… మీకూ దగ్గొస్తుందేందీ?

… మళ్ళ చెప్పుండ్రి. … తుకారాం కమ్యూనిస్టని మిలిటరోళ్ళకు రాసిస్తరా?



రాయుండ్రి. మీ కాగితానికి మనుషులు జైలుకు పోతరు, నాకెరుకే. మిలిటరీకే బూట్లు కుట్టెటోడు కమ్యూనిస్టెట్లయ్యిండని అడిగితే ఏం చెప్తరో అది సుత రాయుండ్రి. … అయినా వాడు జైల్ల కూసుంటే ఎద్దును ఎవరు మోస్తరు? మూడో రోజుకు పొట్ట పలుగుతదయ్యా.

… అట్ల బతిలాడకుండ్రి. మంచిగ లేదు వినడానికి. … పని చెప్త, ఇనుండ్రి. నాలుగు కాళ్ళు కలిపి కట్టుండ్రి. నడుమ మోటు బొంగు దూర్చుండ్రి. అటిద్దరు, ఇటిద్దరు. మీ అన్నదమ్ములు నలుగురే గద! కొమ్ములు జాగర్త. మనిషెత్తు గుంత తవ్వాలె, లేకపోతే కుక్కలు గుంజుతయ్. … ముక్కులకు గుడ్డ కట్టుకోండ్రి. ముఖంల నుంచి పుట్టినోళ్ళు, మీకు వాసన ఎక్కువ తెలుస్తది…

హలో? … హలో?

పెట్టేసిండు.

గట్ల చూడకు తుకారాం. ఊరికి పోవుడు లేదు. రాస్తడో, మోస్తడో… రేపటికి తెలుస్తది. నువ్వు సూది పట్టు.